ఆర్కిటిక్ సన్‌రైజ్ లాంటి ఓడ నుంచి రిబ్ బోట్లు ఎలా దించుతారు?

తీరం:
పర్యావరణ ఉద్యమ సంస్థ గ్రీన్‌పీస్ వాళ్ల ఓడ ఆర్కిటిక్ సన్‌రైజ్ మంచులో నడుస్తుంది గానీ మామూలు సముద్రంలో విపరీతంగా ఊగుతుందంటారు, ఎందుకు? అంత ఊగే ఓడ మీంచి రిబ్ బోట్లను (గట్టి అడుగు, గాలి నింపిన అంచులుండే చిన్న మోటారు బోట్లు) మనుషులతో సహా ఎలా దించుతారు? 2013లో రష్యా దాన్ని పట్టుకోవడం చట్టబద్ధమేనా?

చుక్కాని:
1975లో సీళ్ల వేటకు కట్టిన ఓడ అది. మంచు రెండు పక్కల నుంచి నొక్కితే నలగకుండా పైకి జారాలని అడుగు గుండ్రంగా చేశారు, అడుగున పొడవునా పొడుచుకొచ్చి ఉండే కీల్ లేదు. ఆ ఊగుడంతా దానివల్లే.

ఇక దించడం. ఓడ వేగం తగ్గించి, గాలి అవతలి పక్క కొట్టేలా తిప్పుతారు. బోటు దిగే పక్క చాటు దొరుకుతుంది. బోటు ముక్కు తాడును ఓడ ముందువైపు కట్టాకే క్రేన్ కదలాలి. బోటు అల మీదికి లేచి క్రేన్ తాడు వదులైన క్షణంలోనే హుక్కు విప్పాలి. ఆలస్యమైతే అల కిందికి జారిపోయి, బరువంతా ఒక్కసారిగా తాడు మీద పడుతుంది. ఆ కుదుపుకు మనుషులు నీళ్లలో పడొచ్చు. రెండు హుక్కులుంటే ముందు వెనకది, తర్వాత ముందుది, చివర ముక్కు తాడు. ముందుది మొదట వదిలితే బోటు అడ్డం తిరిగి బోల్తా కొడుతుంది.

లంగరు:
చుక్కాని గారు చెప్పిన వరస ప్రాణాలు నిలబెట్టేది, దాన్ని మార్చొద్దు. తిరిగి ఎక్కించుకునేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. వేలాడే హుక్కు తలకు తగులుతుంది, హెల్మెట్ తప్పనిసరి. నీళ్లలో తేలే తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే ఇంజన్ ఆగి బోటు ఓడకేసి కొట్టుకుంటుంది. నడిపేవాడు కిల్ కార్డ్ (ఊడితే ఇంజన్‌ను ఆపేసే తాడు) ఒంటికి తగిలించుకోవాలి. లేకపోతే అతను పడిపోయినా ఇంజన్ ఆగదు, బోటు అతని మీదికే తిరిగిరావచ్చు.

చట్టం సంగతి: ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలోని 60వ అధికరణం ప్రకారం చమురు ప్లాట్‌ఫాం చుట్టూ భద్రతా వలయం మామూలుగా 500 మీటర్లు మించకూడదు. 2013 సెప్టెంబర్ 18న గ్రీన్‌పీస్ బోట్లు నిరసనకు రష్యా చమురు ప్లాట్‌ఫాం ప్రిరజ్లోమ్నయా దగ్గరికి వెళ్లాయి. మర్నాడు రష్యా బలగాలు హెలికాప్టర్ నుంచి దిగి, ఆ వలయం బయట ఉన్న ఓడనే పట్టుకున్నాయి. ఓడది నెదర్లాండ్స్ జెండా, ఓడను పట్టుకోవడానికి ఆ దేశం ఒప్పుకోలేదు. ఇద్దరు విలేకరులతో కలిపి 30 మందిని జైల్లో పెట్టడం ఘోరం. 2015లో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ రష్యాదే తప్పంది. 2017లో దాదాపు 54 లక్షల యూరోల పరిహారం విధించింది, 2019లో 27 లక్షలకు రాజీ కుదిరింది.