ఎమ్1 కార్బైన్: రేంజిలో కాల్చడానికి యుద్ధకాలపుదా, ప్రైవేటు కంపెనీల నకలా?

ఒహాయో వాసి:
రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన తేలికైన పొట్టి రైఫిల్ ఎమ్1 కార్బైన్‌ను కొని, వీలైనప్పుడల్లా రేంజికి వెళ్లి కాల్చాలన్నది నా కోరిక. నేను గ్రీన్ కార్డు మీద ఉన్నాను. యుద్ధకాలంలో తయారైనదే కొనాలని కొందరు అంటున్నారు. అలాంటి దాన్ని భద్రంగా దాచుకుని, కాల్చడానికి ప్రైవేటు కంపెనీలు తయారు చేసిన నకలు కొనుక్కోవాలని మరికొందరు సలహా ఇస్తున్నారు. నాకు సేకరణ విలువ ముఖ్యం కాదు. కాల్చే మనిషికి ఏది మేలు?

పాత ఆయుధాల అభిమాని:
నకళ్లన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఈ వాదం ఎప్పటికీ తెగడం లేదని నా అభిప్రాయం. అసలుదా నకలా అన్నదాని కంటే, సైన్యం కోసం తయారైన విడిభాగాలు మీరు కొనబోయే తుపాకీలో చక్కగా ఇముడుతాయా లేదా అన్నదే ముందుగా తేల్చుకోవలసిన సంగతి.

ఈ కార్బైన్‌ను 1941లో ఆమోదించిన తరువాత, యుద్ధం ముగిసేలోగా 60 లక్షలకు పైగా తయారు చేశారు. తయారు చేసిన పది ప్రధాన కాంట్రాక్టు సంస్థలలో తుపాకుల తయారీకి పేరున్నది వించెస్టర్ ఒక్కటే. మిగిలినవాటిలో టైపురైటర్ల అండర్‌వుడ్, లెక్కల యంత్రాల ఐబీఎం, జ్యూక్‌బాక్సుల రాక్-ఓలా, జనరల్ మోటార్స్ విభాగమైన ఇన్లాండ్ ఉన్నాయి. ఒక కర్మాగారంలో తయారైన భాగం మరో కర్మాగారపు కార్బైన్‌లో సరిపోవాలని సైన్యం పట్టుబట్టి, ఆ కొలతలను కఠినంగా అమలు చేయించింది. ఇన్ని దశాబ్దాల తరువాత కూడా ఒక స్ప్రింగో, ఖాళీ తూటా గొట్టాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టరో పాడైతే మనం సులువుగా మార్చుకోగలగడం ఆ పట్టుదల ఫలితమే.

1960లలో ప్లెయిన్‌ఫీల్డ్, యూనివర్సల్ వంటి కంపెనీలు రంగంలోకి దిగినప్పుడు, తాము తయారు చేసిన రిసీవర్‌కు, అంటే మిగతా భాగాలన్నీ ఇమిడే ప్రధాన చట్రానికి, సైన్యం వదిలించుకున్న మిగులు భాగాలను జోడించి కార్బైన్లను అమ్మాయి. అలాంటివి, రిసీవర్ బాగుంటే, నేటికీ నిశ్చింతగా కాల్చదగినవి. మిగులు సరుకు తరిగిపోయిన తరువాత ఫ్లోరిడాలోని యూనివర్సల్ నమూనానే మార్చేసింది. పేలిన తరువాత వెనక్కి వెళ్లిన భాగాలను ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగ్ ఒక్కటి ఉండే స్థానంలో రెండు పెట్టి, బోల్ట్‌ను కదిలించే ఆపరేటింగ్ స్లైడును, రిసీవర్‌ను తమ వీలుకు తగినట్టు సరళం చేసింది. ఈ తరువాతి కాలపు యూనివర్సల్‌కు సైనిక భాగాలు చాలావరకు సరిపోవు. ఆ కంపెనీ కూడా ఇప్పుడు లేదు. తూటా వెనుక గొట్టాన్ని మూసే బోల్ట్ పూర్తిగా బిగుసుకోకముందే, తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ దాన్ని తాకకుండా ఆపే రిసీవర్ వంతెన అరిగిపోతే ఏం జరుగుతుందో ఊహించుకోండి. ముఖానికి అంగుళాల దూరంలో ఉండే యంత్రం విషయంలో చవకబేరం చూసుకోవద్దని ప్రాధేయపడుతున్నాను.

నకలు కొనదలిస్తే ఆటో-ఆర్డినెన్స్ వంటి ఈ శతాబ్దపు తయారీని చూడండి. డేటన్‌లో ఇటీవల ఇన్లాండ్ పేరుతో వచ్చిన కంపెనీకి, యుద్ధకాలపు ఇన్లాండ్‌కు పేరు తప్ప సంబంధం లేదన్న విషయం మాత్రం మరువకండి.

ఎడిసన్ పాఠకుడు:
చర్చ సాంకేతిక విషయాల మీద నడుస్తున్నా, ఇక్కడ చదువుతున్న తెలుగువారి కోసం చట్టం గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. హెచ్‌1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీని గాని తూటాలను గాని స్వాధీనంలో ఉంచుకోవడాన్ని అమెరికా కేంద్ర చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డుదారులకు ఈ నిషేధం లేదు.

ఇక మా న్యూజెర్సీలో 1990 నాటి చట్టం నిషేధించిన ఆయుధాల జాబితాలో ఎమ్1 కార్బైన్ రకం పేరు పెట్టి మరీ చేర్చారు; ఈ రాష్ట్రంలోనే తయారైన ప్లెయిన్‌ఫీల్డ్ కార్బైన్ కూడా అందులో ఉంది. ఒహాయోలో కొన్నదాన్ని కారులో వేసుకుని ఇటు బంధువుల ఇంటికి తెస్తే, యుద్ధకాలపుదైనా నకలైనా కేసు తప్పదు.

టెక్సాస్ రైఫిల్‌మన్:
పాత ఆయుధాల అభిమాని గారు యూనివర్సల్ గురించి చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే కాల్చడానికి నకలే కొనాలన్న వాదన వెనుక ఒక అపోహ ఉంది. యుద్ధకాలపు కార్బైన్లన్నీ చేయి తగిలితే విలువ తగ్గే పురావస్తువులని చాలామంది భావిస్తారు. నిజానికి యుద్ధానంతరం సైనిక ఆయుధశాలలు వాటిలో అత్యధిక భాగాన్ని విప్పి, కొత్త వెనుక గురి, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీకి తిప్పే మీట, బయొనెట్ తగిలించే పట్టీ అమర్చి, దొరికిన భాగంతో దొరికినదాన్ని కలిపి మళ్లీ బిగించాయి. మొదట ఉన్న నొక్కుడు సేఫ్టీ, మ్యాగజైన్‌ను (తూటాల పెట్టెను) విడిపించే మీటకు పక్కనే ఉండడంతో, సైనికులు కంగారులో ఒకటి నొక్కబోయి మరొకటి నొక్కి మ్యాగజైన్‌ను కింద పడేసుకునేవారు. అందుకే ఆ మార్పు జరిగింది. ఇలా పలు కర్మాగారాల భాగాలు కలిసిన కార్బైన్‌ను సేకర్తలు పెద్దగా పట్టించుకోరు. దాన్ని కాల్చడం వల్ల చరిత్రకు నష్టమేమీ లేదు. ఫోర్జ్ చేసిన (కాల్చి, బలంగా కొట్టి మలిచిన) ఉక్కును మిల్లింగ్ చేసి (యంత్రంతో చెక్కి) తయారు చేసిన రిసీవర్ చేతికి వస్తున్నప్పుడు, నకళ్లలోని పోతపోసిన రిసీవర్‌తో ఎందుకు సరిపెట్టుకోవాలి?

1963లో జాతీయ రైఫిల్ సంఘం సభ్యులకు ప్రభుత్వం ఈ కార్బైన్లను 20 డాలర్లకు అమ్మింది. ఆ రోజుల్లో ఇంత ఆలోచన అక్కరలేదు. ఇప్పుడు కొత్త నకలు కూడా చవకేమీ కాదు కనుక, మరికొంత చేర్చి అసలుదే కొనడం న్యాయమని నా మాట.

పాత ఆయుధాల అభిమాని:
టెక్సాస్ రైఫిల్‌మన్ గారూ, భాగాలు కలిసిన కార్బైన్ మంచి ఎంపికేనని ఒప్పుకుంటాను. కాని పోత రిసీవర్ అన్నంత మాత్రాన నాసిరకమని తేల్చేయడం సరికాదు. రూగర్ కంపెనీ మినీ-14 రైఫిళ్ల రిసీవర్లను దశాబ్దాలుగా పోత పద్ధతిలోనే తయారు చేస్తోంది. పోత తరువాత ఉక్కుకు చేసే ఉష్ణచర్య, తనిఖీ ఎలా ఉన్నాయన్నదే ముఖ్యం.

అసలుది కొనేవారికి ఉండే చిక్కులు కూడా తక్కువేమీ కావు. 1980లలో కొరియా నుంచి తిరిగి వచ్చిన కార్బైన్ల గొట్టాల మీద దిగుమతిదారు గట్టిగా గుద్దిన ముద్ర గురించి నేటికీ ఫిర్యాదులు వినిపిస్తాయి. గొట్టం మూతి అరిగిందేమో కొలిపించాలి. తూటాను గొట్టంలో పెట్టి బోల్ట్ మూసిన తరువాత మిగిలే ఖాళీని, అంటే హెడ్‌స్పేస్‌ను, తుపాకుల మెకానిక్ చేత తనిఖీ చేయించాలి. యుద్ధకాలపు కార్బైన్‌ను కొనేవారు ఇవేవీ దాటవేయకూడదు. కొత్త నకలు కొంటే వారంటీ ఉంటుంది, మొదటి యజమాని మీరే అవుతారు. ఇంతకు మించి నేను దాని గొప్పతనమేమీ చెప్పను.

ఏది కొన్నా, చాలా మొరాయింపులకు మూలం నాసిరకం మ్యాగజైనో, చేవ తగ్గిన రికాయిల్ స్ప్రింగో అవుతుంది. సైన్యం కోసం తయారైన 15 తూటాల మ్యాగజైన్లు వెతికి కొనండి. సీసపు ముక్క బయటికి కనిపించే తూటాలు గ్యాస్ రంధ్రాన్ని (పేలుడు వాయువును యంత్రాన్ని నడిపే పిస్టన్‌కు పంపే రంధ్రాన్ని) పూడ్చివేస్తాయి కనుక, రాగి తొడుగున్న 110 గ్రెయిన్ల (సుమారు 7 గ్రాముల) తూటాలే వాడండి. గ్యాస్ పిస్టన్‌ను రేంజిలో విప్పి శుభ్రం చేయడం సాధ్యం కాదనే అమెరికా సైన్యం ఈ తుపాకీకి మొదటి నుంచీ తుప్పు పట్టించని ప్రైమర్లు (తూటా అడుగున ఉండి మందును రగిలించేవి) వాడింది. తక్కువ ధరకు దొరికే పాత విదేశీ తూటాల ప్రైమర్లు అలాంటివని నిర్ధారణ కాకపోతే వాటిని ముట్టుకోవద్దు.

ఒహాయో వాసి గారూ, ఏది ఎంచుకున్నా కొనేముందు బోల్ట్ తెరిపించి, లోపలి భాగాల ఫొటోలు, రిసీవర్ మీది పేరు, సీరియల్ నంబరు ఇక్కడ పెట్టండి. రెండు రికాయిల్ స్ప్రింగులు కనిపిస్తే మాత్రం బయానా ఇవ్వకండి.