సూది గుచ్చుకుంది, ఇప్పుడేం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. ఏఎన్‌ఎం‌గా చేస్తున్నాను. పొద్దున ఒక గర్భిణికి రక్తం తీశాక సూదికి మూత పెడుతుంటే ఎడమ బొటనవేలిలో దిగింది. వాడిన సూదిని కత్తిరించే హబ్ కట్టర్ వారం నుంచి పట్టేసింది, అందుకే ఈ మూతల అలవాటు. గ్లవ్ తీస్తే సన్నటి ఎర్ర చుక్క. గట్టిగా పిండి, స్పిరిట్ రాశాను. పాలు తాగే పాప ఉంది. టెన్షన్‌తో అన్నం దిగడం లేదు.

జవాబు 1 (స్టాఫ్ నర్సు, శ్రీకాకుళం):
చెల్లీ, పిండకూడదు, స్పిరిట్ వద్దు. సబ్బు, పారే నీళ్లు, అంతే. ఇప్పుడే జిల్లా ఆస్పత్రికి బయలుదేరు, పొద్దుటిదాకా ఆగకు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 2 గంటల్లో మొదలైతే చాలా మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు. మొదలుపెడితే 28 రోజులు వేసుకోవాలి. అవసరమా కాదా డాక్టరే చెబుతారు. పాలిచ్చే సంగతి ముందే చెప్పు. ఆ గర్భిణికీ విషయం చెప్పి, ఒప్పుకుంటే పరీక్షలు చేయించండి.

జవాబు 2 (ల్యాబ్ టెక్నీషియన్, రాయగడ):
అక్కా, హెపటైటిస్-బి టీకా 3 డోసులూ అయ్యాయా? అందరూ హెచ్‌ఐవీకే భయపడతారు గానీ, టీకా లేనివాళ్లకి సూది పోటుతో ఇదే ఎక్కువ సులువుగా అంటుకుంటుంది. ఎన్ని గంటలకి గుచ్చుకుందో రిజిస్టర్‌లో రాయించండి.

మళ్లీ నేను:
వెళ్లొచ్చాను. గర్భిణి రిపోర్టులన్నీ నెగెటివ్, ప్రాణం లేచొచ్చింది. నా మూడో డోసు మాత్రం మిగిలిపోయింది, ఈ రాత్రే వేశారు. కట్టర్ బాగయ్యేదాకా మూత పెట్టను, సూది నేరుగా వాడిన సూదులు వేసే తెల్ల డబ్బాలోకే.