సమస్య: పురుషుఁడే గృహిణిగఁ గీర్తి పొందె భువిని

నిర్వాహకుడు:
రాత్రి డేమ్ ఎడ్నా అనే హాస్య గృహిణి పాత్ర పాత ఇంటర్వ్యూలు చూస్తుంటే ఈ పాదం వచ్చేసింది, ఆగలేక పెట్టేస్తున్నాను. పూరణ మాత్రం ఆ వేషం కట్టిన ఆస్ట్రేలియా హాస్యనటుడు బారీ హంఫ్రీస్ మీదే ఉండాలి. 1955లో మెల్‌బోర్న్‌లో కట్టిన వేషం, అరవై ఏళ్లు దాటినా ఆయన్ను వదల్లేదు.

గోదావరి గట్టు:
కలువ పూలకు మారుగా గ్లాడియోలి
విసరి నవ్వుల జల్లుల వెలయఁజేసె
మూని పాండ్సున నివసించు ముదితగాను
పురుషుఁడే గృహిణిగఁ గీర్తి పొందె భువిని

పద్యప్రియ:
'కలువ'కి 'గ్లాడి'తో యతి! భలే కుదిరింది. షో చివర్లో ఎడ్నా ఆ పూలు జనంలోకి విసరడం చూసినవాళ్లకి మొదటి పాదంలోనే బొమ్మ కడుతుంది. మూని పాండ్స్ అంటే మెల్‌బోర్న్ శివారు, ఎడ్నా ఊరు. కానీ 'ముదితగాను' అని వెంటనే 'గృహిణిగ' అంటే చెప్పిందే చెప్పడం, పాదం నింపడానికే వేశారు. పోయిన వారం ఒంటె పూరణలో 'క'కి 'కి' యతి వేసి దబాయించారు, దానికన్నా ఇది చాలా నయం లెండి.

తెనాలి కుర్రాడు:
తనదు మేనేజరని హంఫ్రిఁ దానె తిట్టి
పాసమా యని ప్రేక్షకులఁ బలుకరించి
వేదికను రాణివలె నేలి వేషధారి
పురుషుఁడే గృహిణిగఁ గీర్తి పొందె భువిని

గోదావరి గట్టు:
రెండో పాదంలో 'ప్రేక్షకులఁ' దగ్గర ఒక లఘువు ఎక్కువైంది తమ్ముడూ. నా ఒంటె మీద అన్ని మాటలన్న పద్యప్రియ గారికి ఇది కనబడదేం?

పద్యప్రియ:
కనబడింది. ముందు చమత్కారం చూశాను. 'పాసమా' అన్నది ఎడ్నా ప్రేక్షకుల్ని పిలిచే ముద్దుమాట. ఎడ్నా వేషంలో ఉండి బారీ హంఫ్రీస్‌ని తన మేనేజరని చెప్పుకుంటూ, ఆయన్నే చెడామడా తిట్టడం ఆ నటుడి అసలు పనితనం, దాన్ని మొదటి పాదంలోనే పట్టాడు. మీ పద్యంలో పూలూ ఊరూ ఉన్నాయి, మనిషి లేడు.

బెజవాడ సుబ్బు:
మన స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే మగవాడన్న ధ్యాసే ఉండేది కాదంటారు. ఆయన్నెవరూ తలవరేం?

నిర్వాహకుడు:
ఆయన గొప్పతనం వేరు సుబ్బు గారూ. స్థానం వారు తానున్నానన్న సంగతే మరపించారు. ఎడ్నా లోపల మగవాడున్నాడని హాలంతటికీ తెలుసు, తెలిసీ ఆవిడతోనే మాట్లాడేవాళ్లు. 1974లో ఒక సినిమాలో అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని గాఫ్ విట్లమే కనబడి ఆవిడకి 'డేమ్' అనే, స్త్రీలకిచ్చే గౌరవ బిరుదిచ్చాడు. ఆ లెక్కన తెనాలి 'రాణివలె' సరిగ్గా పడింది. 'ప్రేక్షకులఁ' తీసి 'జనులను' పెట్టాను, గణం కుదిరింది.

గోదావరి గట్టు:
సరే, మరి 'భువిని' మాటేమిటి? 1976లో లండన్ మెచ్చింది, మరుసటేడు న్యూయార్క్ తిప్పికొట్టింది. 1999లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్వే ఎక్కి, 2000లో ప్రత్యేక టోనీ నాటక పురస్కారం అందుకున్నాకే కదా అమెరికా లొంగింది! ఇరవై రెండేళ్లు పట్టుబట్టి నిలిచిన ఆ సంగతి ఇద్దరి పూరణల్లోనూ లేదు, నాదాంతో సహా. రాత్రికి ఇంకోటి పెడతాను.

పద్యప్రియ:
పెట్టండి. యతి చూసుకుని పెట్టండి.