మధ్యాహ్నం పూట మాత్రమే లోరా ప్యాకెట్లు తప్పిపోతున్నాయి

చిత్తూరు జిల్లాలో మా మామిడి తోటలో నేల తేమ కొలిచే సెన్సర్ పెట్టాను. ఈఎస్‌పీ32 బోర్డు, ఎస్‌ఎక్స్1276 లోరా మాడ్యూల్ (తక్కువ కరెంటుతో దూరానికి డేటా పంపే రేడియో). 866 మెగాహెర్ట్జ్, ఎస్‌ఎఫ్ (స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, ఇది పెంచితే ప్యాకెట్ నిదానంగా, ఎక్కువ దూరం వెళ్తుంది) 10, బ్యాండ్‌విడ్త్ 62.5 కిలోహెర్ట్జ్. పది నిమిషాలకోసారి రీడింగ్‌ను ఒక ప్యాకెట్‌గా పంపుతుంది. రిసీవర్ 1.4 కిలోమీటర్ల దూరంలో, మా ఇంటి మిద్దె మీద ఉంది. మధ్యలో గుట్టలేమీ అడ్డం లేవు.

రాత్రంతా ఒక్క ప్యాకెట్ కూడా తప్పిపోదు. పొద్దున 11:30 దాటాక తప్పిపోవడం మొదలవుతుంది. సాయంత్రం 4:30 వరకు గంటకు ఆరింటిలో ఒకటో రెండో వస్తాయి, అంతే. వచ్చిన వాటిలో ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందిన సిగ్నల్ బలం) మాత్రం మైనస్ 109 డీబీఎం, రాత్రి ఎంతో అంతే. సిగ్నల్ బలం తగ్గకుండా ప్యాకెట్లు ఎందుకు పోతున్నాయో అర్థం కావడం లేదు.

బోర్డు రీస్టార్ట్ అవుతోందేమో అనుకున్నాను. కాదు, ప్యాకెట్ నంబర్లు వరసగానే పెరుగుతున్నాయి, ఎస్‌డీ కార్డులో అన్నీ పంపినట్టే ఉంది. బ్యాటరీ 4.0 వోల్టులు. యాంటెన్నా మార్చాను, రెండు మీటర్లు పైకెత్తాను, తేడా లేదు. ఎస్‌ఎఫ్ 12 పెడితే ఇంకా అధ్వానం. ఆ వేళలో డబ్బా లోపల 57 డిగ్రీలుంటోంది. రిసీవర్ కూడా ఎండలోనే ఉంది.

ఈ రీడింగ్ చూసే డ్రిప్ వదులుతున్నాం. ఇప్పుడు పిందె నిలిచే సమయం, అందుకే టెన్షన్‌గా ఉంది.

వేడికి క్రిస్టల్ (మాడ్యూల్‌లో రేడియో ఫ్రీక్వెన్సీని నిలిపే భాగం) ఫ్రీక్వెన్సీ పక్కకు జరగడం వల్లే ఇలా అవుతోందా అన్నది, కొత్త మాడ్యూల్ కొనకుండా ఎలా తేల్చుకోవాలి?