తూర్పు యూరప్ దేశాల్లో ఉద్గారాలు తగ్గింది పొదుపు వల్లనా, పతనం వల్లనా?

ఉత్తరగాలి:
1990తో పోలిస్తే ఆ దశాబ్దం చివరికి రష్యాలో గ్రీన్‌హౌస్ వాయువుల ఉద్గారాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. ఉక్రెయిన్‌లో సగానికి పైగా తగ్గాయి. ఈ అంకెలు చూపించి భూమికి ఇంత మేలు చేసిన దేశాలు వేరే లేవని వాదించేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. సోవియట్ యూనియన్ కూలిపోయిన ఆ ఏళ్లలో కర్మాగారాలు మూతపడ్డాయి. కార్మికులకు నెలల తరబడి జీతాలు లేవు. తిండి దొరక్క పస్తున్నవాణ్ణి చూపించి ఉపవాస దీక్షలో ఉన్నాడని చెప్పవచ్చా?

దేశాల ఉద్గారాలకు పరిమితులు పెట్టిన 1997 నాటి క్యోటో ఒప్పందం ఈ రెండు దేశాలకూ 1990 స్థాయిని దాటకపోతే చాలని చెప్పింది. అప్పటికే అవి దానికి ఎంతో దిగువన ఉన్నాయి. వాడకుండా మిగిలిన ఉద్గారాల కోటాను ఇతర దేశాలకు అమ్ముకునే వీలు కూడా ఉండేది. ఏ ప్రయత్నమూ లేకుండా మిగిలిన ఆ కోటాకు విమర్శకులు 'వేడి గాలి' అని పేరు పెట్టారు.

వోల్గా ఒడ్డున:
నేను రష్యాలో వైద్యం చదివాను. హాస్టల్ గదిలో ముగ్గురం తెలుగువాళ్లమే. కిటికీ కింద వేడినీళ్లతో గదిని వెచ్చబరిచే ఇనుప రేడియేటర్ ఉండేది. దానికి వాల్వు లేదు. శరదృతువులో ఊరంతటికీ ఒకేసారి వేడినీళ్లు వదిలేవారు. బయట మైనస్ 20 డిగ్రీలున్నా లోపల మేం బనియన్లతో కూర్చుని చదువుకునేవాళ్లం. ఉక్క భరించలేకపోతే కిటికీ పైభాగంలో ఉండే చిన్న తలుపు తెరిచేవాళ్లం. దాన్ని అక్కడ ఫోర్తోచ్కా అంటారు. గది వేడిని తగ్గించే సాధనం మాకు అదొక్కటే.

వీధిలో మంచు మధ్య ఒకచోట నల్లటి చార కనిపించేది. వేడినీటి గొట్టం నేల కింద నుంచి వెళ్తున్నది అక్కడే. వీధి పిల్లులన్నీ ఆ చార మీదే పడుకునేవి. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు బిల్లు ఇంటి విస్తీర్ణాన్ని బట్టి వచ్చేది, ఎంత వాడారన్న లెక్కే లేదు. మీటరూ వాల్వూ లేని మనిషిని పొదుపు చేయలేదని తప్పుపట్టడం అన్యాయం.

విస్తులా:
మీరిద్దరూ రష్యా దగ్గరే ఆగిపోయారు, పోలండ్‌ను కూడా చూడండి. 1996 నాటికే దాని జీడీపీ 1989 స్థాయిని దాటి, ఆ తర్వాతా పెరుగుతూ వచ్చింది. ఉద్గారాలు మాత్రం పాత స్థాయికి మళ్లీ చేరలేదు. దీన్నీ పస్తు అంటారా, ఉత్తరగాలి గారూ? అక్కడ ఇంధనం ధరలు పెంచారు, రేడియేటర్లకు వాల్వులు బిగించారు. పాత భవనాల గోడలకు వేడిని నిలిపే పొర వేయించుకుంటే, అందుకు తీసుకున్న అప్పులో కొంత ప్రభుత్వమే తీర్చేలా 1998లో చట్టం చేశారు.

మీరు తీసిపారేసిన 'వేడి గాలి' కూడా అన్నిచోట్లా వృథా కాలేదు. చెక్ ప్రభుత్వం 2009లో మిగులు కోటాను జపాన్‌కు అమ్మి, ఆ డబ్బును ఇళ్ల గోడలకూ కిటికీలకూ ఖర్చుపెట్టింది.

ఉత్తరగాలి:
పోలండ్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను, నేను అన్ని దేశాలనూ ఒకే గాట కట్టాను. కానీ క్యోటో కింద నడిచిన 'ఉమ్మడి అమలు' పథకాన్ని కూడా చూడండి. ఒక దేశంలో ఉద్గారాలు తగ్గించే ప్రాజెక్టుకు క్రెడిట్లు ఇస్తే, వాటిని మరో దేశం కొని తన లెక్కలో చూపుకునే పథకం అది. దానిలో పుట్టిన క్రెడిట్లలో ఎక్కువ భాగం రష్యా, ఉక్రెయిన్‌లవే. దాదాపు ముప్పాతిక వంతు క్రెడిట్ల వెనుక నిజమైన తగ్గింపు ఉన్నదన్న నమ్మకం లేదని స్టాక్‌హోమ్ పర్యావరణ సంస్థ 2015లో తేల్చింది. ఉక్రెయిన్‌లో బొగ్గు గనుల వ్యర్థాల గుట్టలు తమంతట తాము అంటుకోకుండా ఆపామని చెప్పి కూడా క్రెడిట్లు తీసుకున్నారు. వాటిని కొన్న దేశాలు ఆ మేరకు తమ గడ్డ మీద పొగ తగ్గించాల్సిన పని లేకుండా పోయింది. ఆ నష్టం ఉక్రెయిన్‌ది మాత్రమే కాదు, అందరిదీ.

వోల్గా ఒడ్డున:
విస్తులా గారు గోడల పొర మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. మా పాత హాస్టల్‌కు కూడా ఆ పొర వేశారని ఇప్పుడు అక్కడ చదువుతున్న పిల్లలు చెప్పారు. రేడియేటర్‌కు వాల్వు పెట్టారా అని అడిగాను. పెట్టలేదట. గది మునుపటికంటే వేడిగా ఉంటోందని, ఫోర్తోచ్కా రాత్రంతా తెరిచే ఉంచుతున్నామని అన్నారు.