పాటలకూ సినిమాలకూ ఒకే అమరిక: రెండు స్పీకర్లు చాలా, 5.1 కావాలా?

నాగావళి: మా హాలు 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉంటుంది. పొద్దున్న కచేరీలు, పాత పాటలు వింటాను. శని, ఆదివారాల్లో ఇంటిల్లిపాదీ సినిమాలు చూస్తాం. చేతిలో 80 వేల రూపాయలున్నాయి. స్టీరియో యాంప్లిఫైయర్‌తో రెండు మంచి స్పీకర్లు కొనమంటారా, రిసీవర్‌తో (అన్ని స్పీకర్లనూ నడిపే యాంప్లిఫైయర్) 5.1, అంటే అయిదు స్పీకర్లూ ఒక సబ్‌వూఫరూ (మంద్రధ్వనుల స్పీకర్), అమర్చుకోమంటారా?

తంబూర: రెండు స్పీకర్లే కొనండి. 5.1 అంటే రిసీవర్‌కే సగం దాకా పోతుంది, మిగిలినది అయిదు స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ పంచితే ఒక్కటీ మంచిది రాదు. 1982లో మొదలైన సీడీ కూడా రెండు ఛానళ్లదే, అంటే ఎడమ స్పీకర్‌కొక ధ్వని, కుడిదానికొకటి. స్పీకర్లూ మీరూ సమబాహు త్రిభుజంలా ఉండేటట్లు కూర్చుంటే, అక్కడ ఏ స్పీకరూ లేకపోయినా గాయకుడి గొంతు సరిగ్గా నడిమధ్యన నిలుస్తుంది. 5.1లో మధ్యన పెట్టే సెంటర్ స్పీకర్ అనవసరపు ఖర్చు.

మూడోవరుస: ఆ గొంతు మధ్యన నిలిచేది మధ్యలో కూర్చున్న ఒక్కరికే. సోఫా చివర కూర్చున్నవారికి అది దగ్గరున్న స్పీకర్‌లోంచే వస్తుంది. 5.1 సినిమాల్లో మాటలు ప్రధానంగా మధ్య ఛానల్‌లో ఉంటాయి. ఆ 5.1 ధ్వనిని రెండు ఛానళ్లకు కుదించినప్పుడు మాటలు సంగీతంతో కలిసిపోతాయి, మంద్రధ్వనుల కోసం విడిగా ఉంచిన ఒక్క ఛానల్‌ను, అంటే 5.1లోని ‘.1’ను, సాధారణంగా వదిలేస్తారు కూడా. సెంటర్ లేకుండా సినిమా మాట ఎత్తకండి.

గోదారిగట్టు: సౌండ్‌బార్ కొంటే ఈ తలనొప్పి ఉండదు కదండీ.

తంబూర: ఆరేళ్ల క్రితం ఒక దుకాణంలో తలనొప్పి ఉండదని మీలాగే చెప్పి, పెట్టె మీద వెయ్యి వాట్లని రాసి ఉన్న 5.1 సెట్ అంటగట్టారు. అది క్షణకాలపు గరిష్ఠమే తప్ప నిలకడగా ఇచ్చే శక్తి కాదని తరవాత తెలిసింది. అందులో వీణ తీగ మీటితే రేకు డబ్బా మీద కొట్టినట్లు వినిపించేది, సబ్‌వూఫర్ ఏడాదిలోపే మూగబోయింది.

మూడోవరుస: మీరు మోసపోయింది నాసిరకం సెట్టుతో, ఆ తప్పు సెంటర్ స్పీకర్‌ది కాదు. పైగా మీరు ప్రాణంగా వినే ఘంటసాల పాటల్లో ఎక్కువ భాగం ఒకే ఛానల్‌వి. వాటికి రెండు స్పీకర్లు ఎందుకని నేను అడగలేదే!

విద్యుల్లత: ఏది కొన్నా గది కొలతలు మరచిపోకండి. ఆ హాలులో పొడవు వల్ల 40 హెర్ట్జ్, వెడల్పు వల్ల 47 హెర్ట్జ్ దగ్గర మంద్రధ్వని ఉబ్బుతుంది. సబ్‌వూఫర్‌ను మూలలో పెడితే ఇంకా గుమ్మంటుంది.

తంబూర: మూడోవరుస గారూ, ఘంటసాల పాట ఎలా వినాలో మీ దగ్గర నేర్చుకోవలసిన గతి నాకు పట్టలేదు. సంగీతం తెలియనివారే ఛానళ్లు లెక్కపెడతారు.

మూడోవరుస: నాకు సంగీతం తెలియకపోవచ్చు. మా నాన్నగారికి వినికిడి తగ్గింది. మాటలు అర్థంకాక, పదే పదే అడగడానికి మొహమాటపడి, సినిమా మధ్యలోనే లేచి గదిలోకి వెళ్లిపోయేవారు. సెంటర్ పెట్టి, దాని ఒక్కదాని ధ్వనే కాస్త పెంచాక చివరిదాకా కూర్చుంటున్నారు. రెండు స్పీకర్లతో ఆ పని ఎలా చేస్తారు?

తంబూర: ఆ సంగతి ముందే చెప్పి ఉంటే నేను అంత మాట అనేవాణ్ణి కాదు. నాది మరో బాధ. మా హాలు టీవీ గది అయ్యాక, నేను పాట పెడితే ఎవరో ఒకరు వచ్చి ఆపేయమంటారు. ఇంట్లో ఒక్క గంటైనా ఒక్క కుర్చీ నాదిగా ఉండాలని నా తాపత్రయం. అందుకే ఆ త్రిభుజాన్ని వదులుకోలేకపోతున్నాను.

నాగావళి: మా ఇంట్లో దివాన్ చివరి చోటు మా అత్తగారిది, పొద్దున్న ఆరింటికి హాలులో నేనొక్కదాన్నే ఉంటాను. రిసీవరూ, ముందువైపు రెండు మంచి స్పీకర్లూ, ఒక సెంటరూ ఇప్పుడు కొంటాను. వెనక స్పీకర్లూ సబ్‌వూఫరూ వచ్చే ఏడాది చూస్తాను.

తంబూర: సెంటర్‌కు పెట్టే డబ్బు ముందు స్పీకర్లకే పెట్టమనే ఇప్పటికీ అంటాను. కొనేటట్లయితే ఆ రెండింటి శ్రేణిలోదే కొనండి, లేకపోతే ఒకే గొంతు స్పీకర్ మారినప్పుడల్లా మరొకరిదిలా వినిపిస్తుంది. పొద్దున్న కచేరీకి రిసీవర్‌ను స్టీరియోలో ఉంచండి.