పలువురతో నిగ్రహించా, విగ్రహించా?

పైతాడు:
సుమతి పద్యంలో ఒక్క మాట కొన్నాళ్ళుగా బుర్ర తినేస్తోంది. రెండో సగం అందరికీ నోటికి వచ్చిందే, "బలవంతమైన సర్పము చలిచీమల చేత చిక్కి చావదె సుమతీ". మొదటి సగంలో "బలవంతుడ నాకేమని పలువురతో" తర్వాత నా చెవిలో ఉన్నది "విగ్రహించి". మా తాతగారు అలాగే చదివేవారు. ఇంట్లో ఉన్న పిల్లల పుస్తకంలో మాత్రం "నిగ్రహించి" అని ఉంది. ఏది అసలు పాఠం?

ఎందుకు అడుగుతున్నానంటే, నేను చిన్నప్పటినుంచీ రెజ్లింగ్ చూస్తాను. ఏటా సంక్రాంతి వెళ్ళాక రాయల్ రంబుల్ వస్తుంది కదా, నంబర్ల వరుసలో ఒకరి తర్వాత ఒకరు రింగులోకి దిగి చివరికి ఒక్కడే మిగిలే పోటీ. అందులో ఓ ఏడడుగుల మనిషిని అయిదారుగురు కలిసి పై తాడు మీదుగా బయటికి తోసేస్తారు. వెంటనే మా గ్రూపులో ఎవరో ఒకరు చలిచీమల పాదం పెడతారు. "అంతా ఫేకే కదా" అన్నా సర్దుకుపోతాను, దాన్ని బాక్సింగ్ అన్నా సర్దుకుపోతాను. దీనికి మాత్రం ఒళ్ళు మండుతుంది. పద్యం తప్పు పట్టింది ఆ మనిషి బలాన్ని కాదు, నోటిని. "పలుకుట మేలా" అన్నాడు కవి. నోరు విప్పని మనిషికి ఈ పద్యం ఎలా తగులుతుంది? ఆ మాట వాళ్ళతో అనే ముందు, ఆ నాలుగక్షరాలూ సరిగ్గా తెలియాలి నాకు.

గణవిభజన:
ఛందస్సు దగ్గరికి వెళ్తే తేలదు. పలువుర నలం (నాలుగు లఘువులు), తోనిగ్ గగం (రెండు గురువులు), గ్రహించి జగణం (లఘువు, గురువు, లఘువు). ఇది కందం, మొదటి రెండు పాదాలూ కలిపి లెక్కపెడితే ఆరో గణం జగణమో నలమో కావాలి, సరిపోయింది. "వి" పెట్టినా గ్ర ముందు అదీ గురువే. యతి "పలువుర"కీ "పలుకుట"కీ, ప్రాస లకారం. మీ అక్షరం ఈ రెండింటికీ దూరంగా కూర్చుంది. అర్థం మీదే తేల్చుకోవాలి.

పలకాబలపం:
అచ్చులో ఎక్కువగా కనిపించేది "నిగ్రహించి"యే. అయినా నా మొగ్గు మీ తాతగారి వైపు. "నిగ్రహించు"కి ద్వితీయ కావాలి. ఇంద్రియాలను నిగ్రహిస్తాం, ఇంద్రియాలతో నిగ్రహించం. "తో" వచ్చిందంటే అక్కడ పోరో జగడమో ఉండాలి. విగ్రహమంటే అదే. రాజనీతిలో సంధి, విగ్రహం, యానం, ఆసనం అంటూ లెక్కపెట్టే ఆరు గుణాల్లో రెండోది. నీతిపద్యాలు రాసేవాడికి అది చేతి కింద ఉండే మాట.

ఇంకో ఆధారం. ఈ పద్యానికి దగ్గరి శ్లోకం పంచతంత్రంలో ఉంది: "బహవో న విరోద్ధవ్యా దుర్జయా హి మహాజనాః, స్ఫురంతమపి నాగేంద్రం భక్షయంతి పిపీలికాః". పామూ అదే, చీమలూ అవే. "విరోద్ధవ్యాః" అన్నదాన్ని తెలుగులోకి తెచ్చేవాడు విగ్రహించి అంటాడా, నిగ్రహించి అంటాడా? లేఖకుడి చేతిలో "వి" కాస్తా "ని" కావడం ఏమంత కష్టం కాదు.

పైతాడు:
మాస్టారూ, ఆ కథలో పాము పేరు అతిదర్పుడు కదూ?

పలకాబలపం:
అతిదర్పుడే. పుట్టలోంచి రోజూ వచ్చే దారి వదిలి ఇరుకు కన్నంలోంచి బయటికి రాబోయింది. ఒళ్ళు పెద్దది కావడంతో గీరుకుపోయింది. ఆ నెత్తురు వాసనకి చీమలు చేరాయి. ముందు దెబ్బ తీసింది చీమలు కాదు, దాని ఒళ్ళే.

గోదా:
ఇది రంబుల్‌కి సరిగ్గా అతుకుతుంది. భారీ మనిషి తాడు మీదికి వాలాడంటే సగం పని అతని బరువే చేసిపెడుతుంది. కింద నుంచి కాళ్ళు ఎత్తితే చాలు. రెండు పాదాలూ నేల తాకితేనే ఔట్ అన్న నియమం కూడా బరువున్నవాడికే ప్రమాదం, తాడు పట్టుకుని వేలాడి మళ్ళీ లోపలికి రావడం అతని వల్ల కాదు.

రంబుల్‌లో నా చిరాకు వేరు. అందులో పిన్‌కి, అంటే ఎదుటివాణ్ణి వీపు మీద అదిమి మూడు లెక్కపెట్టించడానికి, విలువే లేదు, పై తాడు మీదుగా బయటికి పంపడం ఒక్కటే దారి. 1993లో చివరికి ఇద్దరు మిగిలితే, అంత అనుభవమున్న రాండీ సావేజ్ యోకొజూనా మీద పడుకుని పిన్ చేయబోయాడు. అతను కింద నుంచి ఒక్క తోపు తోస్తే సావేజ్ తాడు దాటి బయట పడ్డాడు. ఇవాళ చూసినా ఆ ఘట్టం నాకు మింగుడుపడదు. ఆటగాడికే ఆట నియమం తెలియనట్టు కథ రాస్తే చూసేవాణ్ణి తక్కువ చేసినట్టే.

బమ్మెరదారి:
పద్యానికి వద్దాం. మాస్టారూ, "తో" వాదం నిలవదండీ. "పలువురతో" అన్నది "నిగ్రహించి"కి చెందదు, "పలుకుట"కి చెందుతుంది. పలువురతో పలుకుట. ఎలా పలుకుట? నిగ్రహించి. మధ్యలో ఒక్క మాటే అడ్డం, దీన్ని దూరాన్వయం అని కూడా అనలేం.

ఇక నిగ్రహం అంటే ఇంద్రియ నిగ్రహం ఒక్కటే కాదు. న్యాయశాస్త్రంలో నిగ్రహస్థానం అని ఉంది, వాదంలో మనిషి ఓడిపోయాడని తేల్చే చోటు. ఎదుటివాణ్ణి మాటతో అణచి నోరెత్తనివ్వకపోవడం నిగ్రహించడమే. పలుకుతో ముడిపడ్డ నిగ్రహం అది. మీరు చెప్పిన శ్లోకంలో అసలు పలుకే లేదు, అక్కడున్నది విరోధం. "పలుకుట" మన తెలుగు కవి చేర్చింది. చేర్చినవాడు దానికి తగిన క్రియను కూడా ఎంచుకోడా?

పైతాడు:
మీ మాటతో నా వాదనకి బలం వచ్చింది. శ్లోకంలో లేని పలుకు తెలుగులో ఉందంటే ఈ పద్యం మైకు పట్టుకున్నవాడి గురించే. ఖలీనే తీసుకోండి, హిమాచల్ నుంచి వెళ్ళిన మన దలీప్ సింగ్ రాణా. 2007 రంబుల్‌లో వస్తూనే ఒకరి తర్వాత ఒకర్ని బయటికి విసిరాడు. అతన్ని పంపింది గుంపు కాదు, ముప్ఫయ్యో నంబరుగా దిగిన అండర్‌టేకర్ ఒక్కడే. అదే ఏడు జులైలో ఇరవైమంది ఒకేసారి దిగే బ్యాటిల్ రాయల్‌లో చివరిదాకా నిలిచి వరల్డ్ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. ఇరవైమందిలో పడ్డ సర్పం చావలేదు. మరి అతను పలికింది ఎంత?

గోదా:
అతను పలకలేదు, అతని తరఫున పలికారు. మొదట దైవారీ, తర్వాత రంజిన్ సింగ్. అండర్‌టేకర్‌కి పాల్ బేరర్ ఉండేవాడు. మేనేజరు పలికిన మాటకి దోషం ఎవరిది? 1994 రంబుల్ రోజున యోకొజూనాతో శవపేటిక పోటీ (ఎదుటివాణ్ణి పేటికలో పెట్టి మూత వేస్తే గెలుపు) జరుగుతుంటే ఓ పదిమంది దాకా వచ్చి అండర్‌టేకర్ మీద పడ్డారు. చలిచీమల పాదం పెట్టాలంటే అక్కడ పెట్టండి, ఒప్పుకుంటాను. ఎందుకంటే వాళ్ళు నిజంగానే ఒక్కుమ్మడిగా పడ్డారు. మామూలుగా జరిగేది వేరు. నలుగురు చుట్టుముడతారు, ఒకడు తన్నులు తింటుంటే మిగతా ముగ్గురూ తమ వంతు కోసం చేతులాడిస్తూ నిలబడతారు. చీమలు అలా వంతులు వేసుకుని కుట్టవు.

గణవిభజన:
చలిచీమలు అసలు కుట్టవు కదండీ. మా వైపు చలిచీమలంటే చిన్న నల్లచీమలు, చేతి మీద పాకినా ఏమీ అనవు. కుట్టేవి ఎర్రచీమలు, గండుచీమలు. కవి ఏరికోరి కుట్టని చీమను పెట్టాడంటే అక్కడుంది పద్యం పట్టు. ఒక్కోటి విడిగా చూస్తే దానివల్ల ఏ హానీ లేదు.

పలకాబలపం:
మా ఊళ్ళో చలిచీమలు కుడతాయి. ప్రాంతాన్ని బట్టి పేర్లు మారతాయి, దాని మీద అంత బరువు పెట్టకండి. పైగా నాలుగో పాదంలో "చావదె"తో యతికి చకారం కావాలి, ప్రాసకి లకారం కావాలి. చలిచీమ రెండూ తెచ్చింది. గండుచీమకి ఆ పాదంలో చోటే లేదు.

బమ్మెరదారి:
ఒకడి మీద పదిమంది అంటున్నారు గానీ, కుస్తీ చూసేవాళ్ళకి మొదటి ఫిర్యాదు ఎప్పుడూ జోడీ కుదరకపోవడం మీదే. పోతన దశమస్కంధం తీయండి. కంసుడి రంగస్థలంలో చాణూరుడు కృష్ణుణ్ణి పిలుస్తాడు. మేము పిల్లలం, మాకు తగినవాళ్ళతో ఆడతాం అంటాడు కృష్ణుడు. కువలయాపీడాన్ని చంపినవాడివి, నువ్వు పిల్లవాడివెలా అవుతావని చాణూరుడు రెచ్చగొడతాడు. అప్పుడు మథుర ఆడవాళ్ళు ఏమనుకుంటారో చూడండి. కొండల్లాంటి ఆ మల్లులెక్కడ, ఈ లేత పిల్లలెక్కడ అని కుమిలిపోతారు. ఊరికే జాలిపడి ఊరుకోరు, ఈ పోటీ అధర్మమని, కూర్చుని చూస్తున్న సభవారిదీ తప్పేనని అంటారు. పోటీ కుదిర్చినవాణ్ణీ చూసేవాణ్ణీ కలిపి నిలదీయడం అక్కడే ఉంది. పోతన ఆ ఆడవాళ్ళ గొంతు పట్టుకున్నప్పుడు కుస్తీ వెనక్కి వెళ్ళిపోతుంది, వాళ్ళ చూపే మిగులుతుంది. నేను ఆ ఘట్టాన్ని వాళ్ళ కోసమే చదువుతాను.

గోదా:
బాగా చెప్పారమ్మా. ఆ జోడీ కుదరకపోవడమే 2006లో రే మిస్టీరియోని నిలబెట్టింది. అందరిలోకీ పొట్టివాడు, రెండో నంబరుగా దిగి గంటకి పైగా నిలిచి గెలిచాడు. చీమ ఒంటరిగా గెలిచిన కథ అది. దానికి సుమతిలో పద్యం లేదు.

పైతాడు గారు "ఫేక్" అన్న మాటకి సర్దుకుపోతారేమో, నేను సర్దుకోలేను. 2023 సెప్టెంబరులో గచ్చిబౌలికి జాన్ సీనా వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నా పక్కాయన మ్యాచ్ నడుస్తున్నంతసేపూ "గెలిచేదెవరో ముందే రాసుకుంటారంట" అంటూనే ఉన్నాడు. ఆ సంగతి దాచిందెవరు? ఇది వినోదమేనని ఈ పోటీలు నడిపే కంపెనీయే (ఇప్పటి డబ్ల్యుడబ్ల్యుఈ) 1989లో న్యూజెర్సీ చట్టసభ ముందు ఒప్పుకుంది. ఫలితం రాసుకోవచ్చు, కింద పడ్డాన్ని రాసుకోలేరు. రింగు కింద ఇనప దూలాలు, వాటి మీద చెక్కలు, పైన పల్చటి ఫోము, దాని మీద కాన్వాస్. వీపంతా ఒక్కసారే తాకేలా పడాలి, గడ్డం గుండెకి ఆనించి ఉంచాలి, లేకపోతే తల వెనక్కి కొట్టుకుంటుంది. దగ్గర్నుంచి ఆ చెక్కల చప్పుడు విన్నాక ఆ మాట అనబుద్ధి కాదు.

గణవిభజన:
మళ్ళీ "ని" దగ్గరికి. బమ్మెరదారి గారి అన్వయం ఒప్పుకున్నా "విగ్రహించి" ఓడిపోదు. పలువురతో జగడానికి దిగి పలుకుట అన్నా అంతే చక్కగా కుదురుతుంది. పైగా వాదంలో నిగ్రహం పొందేది ఓడిన పక్షం. పలువురిని ఇప్పటికే నోరు మూయించినవాడికి "మేలా" అని హెచ్చరిక దేనికి? జగడం మొదలుపెట్టేవాడికి కావాలి హెచ్చరిక.

బమ్మెరదారి:
నోరు మూయించాననుకున్నవాడికే కావాలండీ. ఆ పలువురూ తర్వాత కలుస్తారు. చీమలు వచ్చేది అప్పుడే.

పైతాడు:
పలికి గెలిచినవాడూ ఉన్నాడు లెండి. 1992లో రిక్ ఫ్లేర్ మూడో నంబరుగా దిగి గంటసేపు నిలిచి టైటిల్ పట్టుకెళ్ళాడు, అతన్ని మించి పలికినవాడు ఆ వృత్తిలో అరుదు. అయితే అతనెప్పుడూ "బలవంతుడ నాకేమి" అని ఒంటరిగా దిగలేదు, అవసరానికి ఎవరో ఒకరిని జత చేసుకున్నాడు. కాబట్టి పద్యం అతనికీ తగలదు.

ఈసారి రంబుల్‌కి స్నేహితులందరం మా ఇంట్లోనే చేరుతున్నాం. నాలుగు పాదాలూ పెద్ద అక్షరాలతో రాసి టీవీ పక్కన అంటిస్తాను, ఇక సగం పద్యం ఎవరూ చదవకుండా. "విగ్రహించి" అనే రాస్తున్నాను.

బమ్మెరదారి:
రాయండి. పక్కన పాఠాంతరం "నిగ్రహించి" అని కూడా వేయండి, అచ్చు ప్రతుల మాట తీసేయకూడదు.

పలకాబలపం:
మూడో పాదం జాగ్రత్త. "బలవంతుడైన సర్పము" అని రాసేస్తుంటారు. గణాలు సరిపోతాయి కాబట్టి చెవికి తెలియదు. సర్పం అమహత్తు, అంటే వ్యాకరణంలో పురుషవాచకం (మహత్తు) కాదు, "బలవంతమైన" అనే ఉండాలి.

గోదా:
అతిదర్పుడని పేరు పెట్టి, గర్వం అంటగట్టిన పాముని మహత్తుగా ఎందుకు తీసుకోకూడదు మాస్టారూ?